మొక్కు లేని ప్రయాణం

"ఏం మొక్కుకొంటివమ్మా?"

సంక్రాంతి వెళ్ళిన రెండు వారాలకు ఎమ్మిగనూరులో మా ఆడబిడ్డ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి పోయాను. చెప్పులు విడిచి కాళ్ళు కడుక్కునే లోపలే మా చిన్నత్త అడిగిన మాట ఇది. నేనూ మా ఆయనా నాలుగు రోజులు కారులో మురుడేశ్వరం పోయొచ్చామని ఆమెకు తెలుసు. పిల్లలు లేకుండా, పెద్దవాళ్ళు లేకుండా మొగుడూ పెళ్ళాం ఇద్దరే అంత దూరం పోయారంటే ఏదో గట్టి మొక్కే అయ్యుండాలని ఆమె లెక్క. కూతురి సంబంధమా, కొడుకు సీటా, వ్యాపారంలో దెబ్బా?

"ఏం లేదు చిన్నత్తా, ఊరికే సముద్రం చూసొద్దామని పోయింటిమి" అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, "పోనీలే, చెప్పకూడని మొక్కేమో" అని తనే సర్దుకుంది.

అక్కడున్న వాళ్ళందరం నవ్వాం. ఇంటికొచ్చి గిన్నెలు కడుగుతుంటే మాత్రం నవ్వు పోయి కోపం మిగిలింది. చిన్నత్త మీద కాదు. ఆమె అలా అనుకోవడానికి కారణం మేమే. బయల్దేరే ముందు మా అత్తకు, మా అమ్మకు, పక్కింటివాళ్ళకు, చివరికి పాలబ్బాయికి కూడా "మురుడేశ్వర దర్శనానికి పోతున్నాం" అనే చెప్పాం. అసలు పోయింది నేత్రాణి దీవి దగ్గర సముద్రంలో దిగి చేపలు చూడ్డానికి, గోకర్ణంలో ఇసుకలో కూర్చోవడానికి. గుళ్ళో ఉన్నది పావుగంట. ప్రసాదం పొట్లాలు మాత్రం పన్నెండు కొన్నాం. దొంగ బిల్లుల్లాగా.

నాకు నలభై నాలుగేళ్ళు. కాపురానికి వచ్చి ఇరవై రెండేళ్ళు. కట్టుకున్న మొగుడితో, సొంత డబ్బుతో, సముద్రం దగ్గరికి పోవడానికి శివుణ్ణి అడ్డం పెట్టుకోవలసి వచ్చింది. ఆ శివుడేమీ అనుకోడు, నాకు తెలుసు. అనుకునేవాళ్ళ గురించే ఇదంతా రాస్తున్నాను.

మా ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఇంటి ఆడది గడప దాటడానికి ఒప్పుకునే కారణాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దేవుడు ఒకటి. మంత్రాలయం, ఉరుకుంద, శ్రీశైలం, తిరుపతి, ఎన్నిసార్లు పోయినా ఎవరూ ఏమీ అనరు, పైగా పుణ్యాత్మురాలంటారు. పెళ్ళిళ్ళు, చావులు ఒకటి. పుట్టిల్లు ఒకటి, అదీ పిల్లల సెలవులను బట్టి. ఆసుపత్రి ఒకటి. ఈ జాబితాలో "నాకు చూడాలనిపించింది" అనేది లేదు. ఎప్పుడూ లేదు.

ఆడవాళ్ళు ప్రయాణాలు చెయ్యరా అంటే, ఎందుకు చెయ్యరు? కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు నుంచి ఏటా సుగ్గికి పోయేవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది? పిల్లలను చంకన పెట్టుకుని, బియ్యం మూటలు, వంటసామాన్లు వేసుకుని, లగేజీ బండ్లలో నిలబడి గుంటూరు మిరప చేలదాకా పోతారు. రాత్రిళ్ళు రోడ్ల మీద ఉంటారు, చేల గట్ల మీద పడుకుంటారు. అప్పుడు ఎవరూ "ఆడపిల్లలు, ఇంత దూరమా, ఈ వయసులోనా" అని అడగరు. అంటే ఆడది దూరం పోవడం తప్పు కాదన్న మాట. కూలికి పోవచ్చు, దేవుడికి పోవచ్చు. తనకోసం పోవడమే తప్పు. (నా కారు ప్రయాణాన్ని వాళ్ళ వలసతో పోల్చే అర్హత నాకు లేదు. కానీ రెండింటి మీదా తీర్పు చెప్పే నోరు ఒకటే కాబట్టి ఈ మాట చెప్పాల్సి వచ్చింది.)

"మేము ఆడవాళ్ళను తిప్పడం లేదా, ప్రతి ఎండాకాలం ఫ్యామిలీ ట్రిప్పు వేస్తాం కదా" అని మా మరిది అంటాడు. వేస్తారు. పద్నాలుగు మంది, ఒక టెంపో ట్రావెలర్. నాలుగేళ్ళ కిందట ఊటీ పోయాం. ముందురోజు రాత్రి పన్నెండు దాకా చపాతీలు, పులిహోర, నువ్వుల పొడి, చెనిక్కాయల చట్నీ. మా తోడికోడలూ నేనూ కలిసి చేశాం. గ్యాసు బండ, పొయ్యి, రైస్ కుక్కర్ కూడా బండి ఎక్కాయి, హోటలు తిండి మా మామగారికి పడదు కాబట్టి. ఊటీలో నేను చూసింది ఏమిటని అడిగితే నిజంగా చెప్పగలిగింది, గది వెనక వరండాలో కుళాయి కింద చల్లటి నీళ్ళలో బియ్యం కడగడం. వేళ్ళు మొద్దుబారిపోయాయి. బొటానికల్ గార్డెన్ చూశానట, ఫోటో ఉంది. అందులో నా చేతిలో స్టీలు క్యారియర్ ఉంది.

దాన్ని ట్రిప్పు అనకండి. వంటింటికి చక్రాలు వేసి తిప్పడం అది.

అందుకే ఈసారి ఇద్దరమే అన్నాను. మా ఆయనకు పత్తి కమీషన్ వ్యాపారం. సంక్రాంతి తరవాత నాలుగు రోజులు మార్కెట్టు వదిలి రావడానికి ఆయన గొణిగిన గొణుగుడు వేరే వ్యాసం అవుతుంది. పిల్ల బెంగుళూరులో ఆఖరి సంవత్సరం చదువుతోంది, పిల్లవాడు హాస్టల్లో. "ఇంక ఎవరికోసం ఇంట్లో కూర్చోవాలి?" అని అడిగాను. ఆయన దగ్గర జవాబు లేదు. జవాబు లేనప్పుడు ఆయన కారు సర్వీసింగుకు ఇస్తాడు. అలా బయల్దేరాం.

మా వైపు వాళ్ళకు సముద్రం అంటే తూర్పే గుర్తొస్తుంది. బాపట్ల, మచిలీపట్నం, విశాఖ. పడమటి సముద్రమూ మనకు ఒక పగటి ప్రయాణమే. అసలు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా మా ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోదే. మా అవ్వ చివరిదాకా "జిల్లా" అంటే బళ్ళారి అనే అనుకునేది. ఆలూరు మీదుగా బళ్ళారి, హొసపేట, కొప్పళ, గదగ్, హుబ్బళ్ళి. అక్కడినుంచి యల్లాపుర దాటి అంకోలాకు దిగితే సముద్రం. దాదాపు 430 కిలోమీటర్లు. ఎర్రనేల పోయి నల్లరేగడి, నల్లరేగడి పోయి అడవి. యల్లాపుర దాటినాక ఘాట్‌లో చెట్ల కింద రోడ్డు మీద ఎండ పడదు. మా ఎండలో పుట్టిన మనిషికి అదొక్కటే చాలు, వెనక్కి తిరిగొచ్చినా ఫర్వాలేదు అనిపిస్తుంది. హుబ్బళ్ళిలో గిర్మిట్ తిన్నాం. మన ఉగ్గానికి పెద్దమ్మ కూతురు అనుకోండి, కొంచెం పులుపెక్కువ.

హొసపేట దగ్గర తుంగభద్ర డ్యాము కనబడితే మా ఆయన కారు నెమ్మది చేసి "అదిగో మన నీళ్ళు" అన్నాడు. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు టీవీ ముందు నుంచి లేవకుండా కూర్చున్న మనిషి ఆయన. ఎల్లెల్సీ కాలువకు నీళ్ళు రాకపోతే మా పశ్చిమానికి పంటా లేదు, తాగునీరూ లేదు. ఆ నీళ్ళను చూస్తుంటే నాకు వేరే సంగతి తట్టింది. ఈ నీళ్ళ కోసం ఇరవై రెండేళ్ళుగా కాచుకున్నది నేను. కుళాయి వచ్చే రోజు ఊరికి పోకూడదనేది మా ఇంట్లో చట్టం, ఆ చట్టం నాకొక్కదానికే. బిందెలు, డ్రమ్ములు, తొట్టి, పైన సింటెక్సు. నీళ్ళు మోశాను, పట్టాను, వడగట్టాను, కాచాను. నడుము లోతు నీళ్ళలో మాత్రం ఏనాడూ నిలబడలేదు. ఆయన ఆ కాలువలోనే ఈత నేర్చుకున్నాడు. అంతకుముందు వాళ్ళ చేను బావిలో, నడుముకు ఎండు సొరకాయ కట్టుకుని. మా అన్నలూ అంతే. నేను బావి గట్టు మీద కూర్చుని వాళ్ళ చొక్కాలకు కాపలా కాసేదాన్ని.

ఇది మా ఇంటి కథే అనుకోవద్దు. మీ ఇంట్లో అడిగి చూడండి. నాన్నకు వచ్చా? వచ్చు. మామకు? వచ్చు. అమ్మకు? అత్తకు? నీకు? నేను మా వ్రతం రోజు అడిగాను. పదిహేడు మంది ఆడవాళ్ళం ఉన్నాం. ఈత వచ్చినది ఒక్కామె, అదీ తుంగభద్ర ఒడ్డున పుట్టినామె. మిగతా వాళ్ళందరికీ నీళ్ళంటే పని.

నేను బి.ఎ.లో తెలుగు చదివాను. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలు ఉండాలనీ, అందులో జలక్రీడ ఒకటనీ బట్టీపట్టి పరీక్ష రాశాను. ఎన్ని కావ్యాల్లో ఎంతమంది స్త్రీలు కొలనుల్లో దిగి నీళ్ళు చల్లుకున్నారో లెక్కలేదు. మా లెక్చరర్ గారు ఆ పద్యాలు తన్మయంగా చెప్పేవారు. క్లాసులో అరవై మందిమి, సగం మందిమి ఆడపిల్లలం, ఒక్కరికీ ఈత రాదు. ఆ స్త్రీలకు వచ్చో రాదో కవులు చెప్పలేదు. వాళ్ళకు కావలసింది అది కాదు కదా.

సరే, దారి సంగతి ఒకటి మింగేసి పోలేను. హుబ్బళ్ళి దాటినాక నేను నీళ్ళు తాగడం మానేశాను. ఎందుకో మీకు చెప్పాల్సిన పని లేదు, ఆడవాళ్ళు చదువుతున్నారు కాబట్టి. పెట్రోలు బంకుల్లో తాళం వేసిన తలుపు, తాళం చెవి ఎవరి దగ్గరుందో తెలియని కుర్రాడు, చెవి దొరికాక లోపల చూస్తే తాళం వెయ్యడమే నయం అనిపించే స్థితి. మా ఆయన మూడుచోట్ల ఆపాడు, మూడుచోట్లా ఆయన పని అయింది. విహారయాత్రల గురించి పేజీలకు పేజీలు రాసేవాళ్ళు ఈ ఒక్క ముక్క ఎందుకు రాయరో అర్థం కాదు. బీచ్‌లలో అయితే ఇంకా ఘోరం, తడిసిన బట్టలు మార్చుకునే చోటు ఉండదు. చోటు ఉండాలి, మరుగుదొడ్డి ఉండాలి, కాపలా ఈతగాళ్ళు ఉండాలి అని చూసి ఇచ్చే గుర్తింపు బ్లూ ఫ్లాగ్. 2020లో మన దేశంలో మొదటిసారి ఎనిమిది బీచ్‌లకు వచ్చింది. హొన్నావర దగ్గరి కాసరకోడు అందులో ఒకటి, మన విశాఖ రుషికొండ ఒకటి. 2025 మొదట్లో నిర్వహణ బాగాలేదని రుషికొండ దాన్ని కొన్నాళ్ళు పోగొట్టుకుని మళ్ళీ తెచ్చుకుంది. జెండా పోయిందని అందరూ బాధపడ్డారు. నా బాధ ఆ గదుల గురించి.

ఇప్పుడు అసలు సంగతి.

నేత్రాణి మురుడేశ్వరం నుంచి సముద్రంలో దాదాపు 20 కిలోమీటర్లు. పడవలో గంటన్నర పట్టింది. దీవి మీద దిగనివ్వరు, పక్కన లంగరు వేసి అక్కడే నీళ్ళలోకి దింపుతారు. వానాకాలం అంతా ఉండదు, అక్టోబరు నుంచి మే దాకానే. స్నార్కెలింగ్ అంటే ఏమిటో తెలియని చెల్లెళ్ళ కోసం చెబుతున్నాను: కళ్ళకూ ముక్కుకూ కలిపి ఒక అద్దాల మాస్క్, నోట్లో ఒక గొట్టం, గొట్టం కొస నీళ్ళ పైన ఉంటుంది, ఒంటికి లైఫ్ జాకెట్. బోర్లా తేలుతూ ముఖం నీళ్ళలో పెట్టి నోటితో గాలి పీల్చుకోవాలి. ఈత రాకపోయినా ఫర్వాలేదు, పక్కన మనిషి ఉంటాడు. ముందే చేతి సైగలు నేర్పారు. బొటనవేలు పైకెత్తితే "బాగుంది" అని కాదట, "నన్ను పైకి తీసుకుపో" అనట. బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి.

పడవ కదిలిన అరగంటకు మా ఈతగాడు మా ఆయన పడిపోయాడు. కాలువ వేరు, సముద్రం వేరు. వాంతులు. పడవ అడుగున తువ్వాలు ముఖం మీద వేసుకుని పడుకుని, దీవి వచ్చాక కూడా లేవలేకపోయాడు. నేను ఆయన తల దగ్గర కూర్చున్నాను. నిమ్మకాయ వాసన చూపించాను. అలవాటు చొప్పున "నేనూ దిగనులెండి" అనేశాను.

ఆ మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూశారా? నాలుగు నెలలు పోరి, ఊరందరికీ అబద్ధం చెప్పి, 430 కిలోమీటర్లు వచ్చి, ఆయనకు వాంతులు అయ్యాయి కాబట్టి నేను దిగను. ఆయనకు నేను చేసేదేమీ లేదు. పడవలో ఇంకో నలుగురు ఉన్నారు. అయినా భార్య అంటే పక్కన కూర్చోవాలి. ఎవరూ చెప్పలేదు నాకు, నాకు నేనే చెప్పుకున్నాను. దావణగెరె నుంచి వచ్చిన ఒకామె, నా వయసే ఉంటుంది, కన్నడంలో "నీవు హోగి అక్కా, నాను నోడ్కోతీని" అంది. మీరు పొండి, నేను చూసుకుంటాను అని. మా ఆయన తువ్వాలు కింది నుంచి "పో, పో" అని చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి ఊపినందుకు ఆయనకు కొంత మార్కులు వెయ్యాలి.

దిగాను. మొదటి నిమిషం చచ్చిపోతాననే అనుకున్నాను. ముక్కుతో పీల్చబోయాను, మాస్క్ ముఖానికి అతుక్కుపోయింది. గొట్టంలోకి ఉప్పునీళ్ళు వచ్చాయి. పైకి లేచి దగ్గాను. ఆ కుర్రవాడు "నిదానంగా, నోటితో" అన్నాడు. రెండోసారి ముఖం పెట్టాను.

ఏం చూశానో రాయడం నాకు చేతకాదు, తెలుగు బి.ఎ. ఇక్కడ పనికిరాలేదు. పసుపు ఒంటి మీద నల్లచారల చేపలు, చేయి చాస్తే అందేంత దూరంలో, గుంపులు గుంపులుగా. రాయిని కొరికి తింటున్న పచ్చటి పెద్ద చేప ఒకటి. కింద రాళ్ళ మీద ఎండ గీతలు గీతలుగా కదులుతోంది. అన్నిటికన్నా ఎక్కువ నాకు గుర్తున్నది చప్పుడు. నా ఊపిరి తప్ప ఇంకేమీ వినపడదు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, ఎవరైనా నన్ను పిలిచినా నాకు వినపడని చోట ఉన్నాను. కుక్కర్ విజిల్ లేదు, కాలింగ్ బెల్లు లేదు, "అమ్మా నా సాక్సు" లేదు. నలభై నిమిషాలు ఉన్నానట. కుర్రవాడు మూడుసార్లు చాలా అని అడిగాడు, మూడుసార్లూ సున్నా చుట్టి చూపించాను.

పైకి వచ్చాక దావణగెరె ఆమె నా ఫోన్లో ఫోటో తీసింది. ఒంటికి లెగ్గింగ్స్, పొడుగు చేతుల టీషర్టు, మీద నారింజ రంగు లైఫ్ జాకెట్, నెత్తి మీద మాస్క్, జుట్టంతా ముఖానికి అంటుకుని. నవ్వుతున్నాను. అంత నవ్వు నా పెళ్ళి ఫోటోల్లో కూడా లేదు.

ఆ సాయంత్రం దాన్ని వాట్సాప్ స్టేటస్‌గా పెట్టాను.

గంటలోపల మూడు ఫోన్లు. మొదటిది మా బంధువుల్లో ఒక పెద్దావిడ. "ఏమ్మా, ఆ ఫోటో తీసెయ్యి. పాపకు సంబంధాలు చూస్తుండారు కదా. రేపు మొగపిల్లోని తరపువాళ్ళు చూస్తే తల్లే ఇట్లుంటే అనుకోరా?" రెండోది మా మరిది, నాకు కాదు, మా ఆయనకు. మూడోది కూడా ఆయనకే. ఆయన ఫోను పెట్టేసి, నా వైపు చూడకుండా, "తీసేద్దువులే, ఎందుకొచ్చిన గోల" అన్నాడు.

తీసేశాను.

ఇది రాయడానికే నాకు ఇన్ని రోజులు పట్టింది. చూసినవాళ్ళ తప్పు గురించి రాయడం సులువు, తీసేసిన వేలు నాది. ఆ ఫోటోలో నా అరచేతులు, పాదాలు, ముఖం తప్ప ఏమీ కనపడవు. చీర కడితే కనపడే నడుము కూడా అందులో కనపడదు. కాబట్టి బట్టల గురించి అనుకోకండి. తల్లి అయిన మనిషి తడిసి, జుట్టు విరబోసుకుని, ఎవరికీ ఏమీ వడ్డించకుండా నవ్వుతోంది. వాళ్ళకు కంటగింపు అదీ. రావణుడు కోపంతో ఆత్మలింగం మీది వస్త్రాన్ని విసిరితే వచ్చి పడిన చోటు మురుడేశ్వరమని స్థలపురాణం. అలాంటి చోట నా టీషర్టు గురించి పంచాయితీ జరిగింది, ఆ స్వామి వింటూనే ఉండాలి.

మా పాప రాత్రి ఫోన్ చేసింది. తీసేసే లోపలే చూసిందట. "ఎందుకు తీసేశావమ్మా?" అంది. "నీకోసమే" అన్నాను. ఆ పిల్ల కాసేపు మాట్లాడలేదు. తరవాత "నాకోసం అని చెప్పొద్దమ్మా. ఇప్పుడు నువ్వు నీది తీసేశావు, రేపు నన్ను నాది తీసెయ్యమంటావు, నేను నా కూతురికి చెప్తాను" అంది. ఎప్పుడు ఇంత పెద్దదయిందో. తల్లి నవ్విందని వద్దనే సంబంధం మాకు తప్పిపోతే, అంతకన్నా మంచి శకునం ఉంటుందా? ఈ మాట ఆ రోజు తట్టలేదు, ఇవాళ రాస్తున్నాను. ఆ పెద్దావిడ ఇది చదవదు. మా మరిది చదువుతాడు, చదవనీ.

ఇంక నన్ను ఆపడానికి చెప్పే మాటలు. అన్నిటికన్నా బరువైన మాట ముందు చెబుతాను. 2024 డిసెంబరులో ఆ మురుడేశ్వరం తీరంలోనే కోలారు జిల్లా ముళబాగిలు వైపు నుంచి బడితో విహారయాత్రకు వచ్చిన నలుగురు ఆడపిల్లలు అలలకు పోయారు. పదో క్లాసు ఈడు పిల్లలు. ముళబాగిలు అంటే మనలాంటి మెట్ట సీమే, ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు బోలెడంత మంది ఉండే చోటు. ఆ వార్త విన్నప్పుడు మా అత్త "చూశావా, అందుకే ఆడపిల్లలను నీళ్ళ దగ్గరికి పోనివ్వకూడదు" అంది. ఆ ఇసుక మీద నేను నిలబడ్డాను. ఆ పిల్లల గురించే అనుకున్నాను. నాకు తోచింది మాత్రం మా అత్త అన్నదానికి తలకిందులుగా ఉంది. సముద్రం చూసిన మెట్టసీమ పిల్ల ఆగదు, పరుగెత్తుతుంది, నేనే పరుగెత్తాను ఈ వయసులో. పోవద్దని కట్టేస్తే ఆ ఆకలి ఇంకా పెరుగుతుంది తప్ప నీటి సంగతి తెలియదు. ఎక్కడ దిగాలి, అల వెనక్కి ఎట్లా లాగుతుంది, కాపలావాళ్ళు వద్దంటే ఎందుకు వినాలి అనేవి నేర్పాల్సిన విషయాలు. రోడ్డు మీద ప్రమాదాలు జరుగుతాయని పిల్లలకు రోడ్డు దాటడం నేర్పడం మానేశామా? ఆ నలుగురి పేరు చెప్పి ఇంకో నాలుగు లక్షల మంది ఆడపిల్లలను గట్టు మీద చొక్కాలకు కాపలా పెట్టొద్దు.

వయసు సంగతి. "ఈ వయసులో ఎందుకమ్మా" అనేవాళ్ళు గోలి శ్యామల గారి పేరు వినాలి. సామర్లకోట ఆవిడ. నలభై దాటాక, నీళ్ళంటే భయం పోగొట్టుకోవడానికి ఈత నేర్చుకున్నారు. 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా పాక్ జలసంధి ఈదారు. 2024 డిసెంబరు చివర విశాఖలో నీళ్ళలో దిగి, రోజుకు కొంత చొప్పున ఈదుతూ జనవరి మొదటి వారానికి కాకినాడ చేరారు. 150 కిలోమీటర్లు, యాభై రెండేళ్ళ వయసులో. కొరియా దేశంలో జెజు అనే దీవి ఉంది. అక్కడ సముద్రంలో మునిగి నత్తలూ శంఖులూ ఏరుకొచ్చేది ఆడవాళ్ళే, హెన్యో అంటారు. గాలి సిలిండర్లు కూడా పెట్టుకోరు. వాళ్ళలో ఎక్కువమంది అరవై దాటిన అవ్వలు. 2016లో యునెస్కో వాళ్ళ సంప్రదాయాన్ని తన జాబితాలో చేర్చింది. అరవై ఏళ్ళకు మన దగ్గర మోకాళ్ళ నొప్పుల తైలం బ్రాండ్లు చర్చించుకుంటాం.

డబ్బు అంటారా, నాలుగు రోజులు గదులు, డీజిలు, పడవ, తిండి కలిపి ముప్పైవేల లోపే. పోయిన ఏడాది మా బంధువుల ఓణీల ఫంక్షన్‌కు ఉంగరం చదివించడానికి అంతకన్నా ఎక్కువే అయింది. ఆ ఉంగరం ఆ పిల్ల వేలికి పట్టలేదు కూడా.

ఒక చెల్లెలు ఇంకో రకంగా పొడిచింది. "మొగుడి పక్కన కారులో కూర్చుని పోయి స్వాతంత్ర్యం అంటావేం అక్కా?" అని. నిజమే తల్లీ, నేనేం జెండా ఎగరెయ్యలేదు. మొగుడు పక్కనుండగానే ఇన్ని అబద్ధాలు కావలసి వచ్చాయి చూడు. ఒంటరిగా పోయే ఆడమనిషికి ఎన్ని కావాలో లెక్క వేసుకో. ఇంకోటి, మా ఆయన ఇప్పుడు మార్కెట్టులో అందరికీ చెబుతున్నాడట, "నేత్రాణిలో చేపలు చూడాల్రా, ఏం రంగులు, ఏం రంగులు" అని. తువ్వాలు కింద ఆయనకు కనబడిన రంగులేవో నాకు తెలియదు. ఆయన చెబితే అది సరదా కబురు, వింటున్నవాళ్ళు "అన్నా, మనమూ పోదాం" అంటారట. నేను చెబితే మొక్కు ఏమిటని అడుగుతారు.

పోయిన వారం మాకు అందుబాటులో ఉన్న ఒక ఈతకొలనుకు ఫోన్ చేశాను. "ఆడవాళ్ళకు నేర్పుతారా?" అని అడిగాను. "పాప వయసెంత మేడమ్?" అన్నాడు. "పాపకు కాదు, నాకు" అన్నాను. అవతల ఫోను పక్కకు పెట్టి ఎవరితోనో ఏదో అన్నాడు, నవ్వులు వినపడ్డాయి. మళ్ళీ వచ్చి, లేడీస్‌కు వేరే టైము లేదు మేడమ్, పదిమంది కలిసి వస్తే పదకొండు నుంచి పన్నెండు దాకా ఇస్తాము, నేర్పడానికి ఒక మేడమ్‌ను కూడా పిలిపిస్తాము అన్నాడు.

పదకొండు అంటే మనకు పొయ్యి మీద పప్పు ఉడికే టైము. అయినా ఫర్వాలేదు, ఆ పూట పొద్దున్నే వండేస్తాం. నేను, మా తోడికోడలు, మూడో వీధిలో ఉండే టీచరమ్మ. ముగ్గురం అయినాం. మా చిన్నత్త "నేనొచ్చి గట్టు మీద కూర్చుంటాలే" అంది, ఆమెను లెక్కలో వేసుకోలేదు ఇంకా. ఏడుగురు కావాలి. ఆదోనిలో, ఎమ్మిగనూరులో ఎవరైనా ఉంటే చెప్పండి. నా స్టేటస్ చూడండి, ఆ ఫోటో మళ్ళీ పెట్టాను.